మండువా ఇంటి పాత యజమానులెవరు? గోదావరి డెల్టాలో ఇంటి చరిత్ర వెతికే దారి

తాతలనాటి మండువా లోగిలి మీ వాటాకు వచ్చి ఉండొచ్చు, లేదా ఇష్టపడి మీరే కొనుక్కుని ఉండొచ్చు. దీన్ని ఎవరు కట్టించారు, మనకంటే ముందు ఎవరెవరు కాపురమున్నారు అన్న ప్రశ్న ఏదో ఒక రోజు వస్తుంది. అప్పుడు చాలామంది చేసే మొదటి పని ప్రభుత్వ భూ రికార్డుల వెబ్‌సైటు మీభూమి తెరవడం. అక్కడ ఇల్లు కనపడదు, దాంతో వెతుకులాట అక్కడే ఆగిపోతుంది.

ఇల్లు కనపడకపోవడానికి కారణం ఉంది. మన ఊళ్లలో పాత ఇళ్లన్నీ గ్రామకంఠంలో ఉంటాయి. సర్వే చేసినప్పుడు ఊరి నివాసస్థలాన్నంతా కలిపి గ్రామకంఠంగా ఒక నంబరు కింద చూపించి వదిలేశారు. పొలానికైతే శిస్తు వస్తుంది కాబట్టి ఎవరిది ఎంతో రాసుకున్నారు. ఇంటికి శిస్తు లేదు కాబట్టి పేర్లు రాయలేదు. పొలం రికార్డులైన అడంగల్‌లోనూ 1-బిలోనూ ఇంటి యజమాని పేరు కోసం చూడటం అందుకే వృథా. పొలం మధ్యలోనో లంకలోనో కట్టుకున్న మకాం అయితే దారి వేరు. దానికి సర్వే నంబరు ఉంటుంది, ఆ దారి కింద విడిగా చెబుతాను.

గ్రామకంఠంలోని ఇంటి చరిత్ర ఆ ఇంటి కాగితాల్లో కొంతే దొరుకుతుంది. ఎక్కువ దొరికేది పక్కింటివాళ్ల దస్తావేజుల్లో, వాటి హద్దుల దగ్గర. ఈ ఒక్క సంగతి పట్టుకుంటే మిగతా దారి తెలుస్తుంది. ఆలస్యం చేయకండి. టేకు స్తంభాలకూ ద్వారబంధాలకూ పట్నంలో గిరాకీ ఉండటంతో డెల్టాలో మండువా ఇళ్లు ఒక్కొక్కటీ విప్పేస్తున్నారు. విప్పిన ఇంటితో అటక మీది కాగితాలూ పోతాయి.

మొదటి మెట్టు: ఇంట్లోనే వెతకండి

ఆఫీసుల చుట్టూ తిరిగే ముందు భోషాణం, కావడిపెట్టె, అటక, దేవుడి గది, పాత ఇనప్పెట్టె చూడండి. మీకు కావలసినవి పెద్ద దస్తావేజులే కాదు. ఇంటి పన్ను రసీదు, నీటి తీరువా రసీదు, పాత కరెంటు బిల్లు, శుభలేఖ, జాతకచక్రం, ధాన్యం లెక్కలు రాసిన చిట్టా ఆవర్జాలు, కోర్టు నోటీసు, బంధువులు రాసిన కార్డుముక్క, అన్నీ పనికొస్తాయి. జాతకంలో పుట్టిన తేదీ ఉంటుంది. శుభలేఖలో రెండు వైపుల తాతల పేర్లూ ఊళ్లూ ఉంటాయి. గోడకు వేలాడే పాత ఫోటోను చట్రంలోంచి జాగ్రత్తగా తీసి వెనక చూడండి, స్టూడియో ముద్రో పెన్సిల్‌తో రాసిన పేరో ఉండొచ్చు.

ఇత్తడి, కంచు సామాను తప్పకుండా చూడాలి. మన ప్రాంతంలో పెళ్లికో గృహప్రవేశానికో ఇచ్చే బిందెల మీద, గంగాళాల మీద పేరు చెక్కించడం మామూలు. కొన్నిటి మీద తేదీ కూడా ఉంటుంది. మీ కుటుంబానిది కాని ఇంటిపేరు గంగాళం మీద కనిపిస్తే దాన్ని రాసి పెట్టుకోండి. అది పుట్టింటి సామాను కావొచ్చు, ఇల్లు అమ్మినవాళ్లు వదిలేసి వెళ్లింది కావొచ్చు.

ఆ తర్వాత ఇంటిని చదవండి. ముఖద్వారం పైనో మేడ ముందుభాగంలోనో సున్నంతో తీర్చిన సంవత్సరం ఉందేమో చూడండి. ఏళ్ల తరబడి వేసిన వెల్లల కింద పూడిపోయి ఉంటుంది. చీకటి పడ్డాక ఏటవాలుగా లైటు వేస్తే అంకెల గీతలు పైకి తేలతాయి. పైకప్పు గూన పెంకా మంగుళూరు పెంకా గమనించండి. గూన పెంకు ఊరి కుమ్మరి చేతి పని. మంగుళూరు పెంకు 1865లో అక్కడ బాసెల్ మిషన్ ఫ్యాక్టరీ పెట్టిన తర్వాత దక్షిణాదిలో వ్యాపించింది. దాని అడుగుభాగాన ఫ్యాక్టరీ పేరూ ఊరూ అచ్చుగుద్ది ఉంటాయి. అయితే పెంకును బట్టి ఇంటి వయసు తేల్చేయకండి. 1996 నవంబరు తుపానులో కోనసీమలో ఎన్ని కప్పులు ఎగిరిపోయాయో అందరికీ తెలుసు. చాలా ఇళ్లకు ఇప్పుడున్న పెంకు ఆ తర్వాత నేయించిందే. పెంకు కంటే దూలాలు, వాసాలు, స్తంభాలు నమ్మదగినవి. రంగూన్ టేకు వాడిన ఇల్లయితే బర్మాతో రాకపోకలు బాగా సాగిన కాలంలో కట్టిందని అనుకోవచ్చు. కాకినాడ రేవు మీదుగా మన జనం అక్కడికి వెళ్లేవారు, కలప అక్కడినుంచి వచ్చేది. 1942లో జపాను సైన్యం బర్మాలోకి రావడంతో ఆ దారి మూసుకుపోయింది.

మండువా మధ్యలో గోడ లేచి ఉంటే అది ఎప్పటిదో కనుక్కోండి. సావిడిని రెండుగా చీల్చిన గోడ, ఒకే పంచపాళికి రెండు వంటిళ్లు, నూతికి రెండు గిలకలు, ఇవన్నీ అన్నదమ్ముల పంపకానికి గుర్తులు. పంపకం జరిగిన ఇంటికి ఒక చరిత్ర ఉండదు, వాటాకొక చరిత్ర ఉంటుంది. తూర్పు వాటా పెద్దకొడుకు వారసులకు నేరుగా వచ్చి ఉంటుంది. పడమటి వాటా తనఖాకు వెళ్లి, వేలంలో పోయి, మూడు చేతులు మారి మీ దాకా వచ్చి ఉండొచ్చు. అందుకని ముందే ఇంటి నక్షా గీసుకుని ఒక్కో వాటాకు ఒక్కో పేజీ కేటాయించండి.

రెండో మెట్టు: పంచాయతీ, కరెంటు

గ్రామ పంచాయతీలో ఇంటి పన్ను డిమాండు రిజిస్టరు ఉంటుంది. మీ ఇంటి అసెస్‌మెంట్ నంబరు చెప్పి పాత రిజిస్టర్లు ఎంతవరకు ఉన్నాయో పంచాయతీ కార్యదర్శిని అడగండి. పేరు మారిన ప్రతి సంవత్సరం ఇల్లు చేతులు మారిందనో యజమాని పోయాడనో సూచన. డోరు నంబర్లు మధ్యలో మారిపోతాయి కాబట్టి ముందూ వెనకా ఇళ్ల పేర్లు కూడా రాసుకోండి. నంబరు మారినా వరస మారదు.

కరెంటు సర్వీసు నంబరు ఎవరి పేరున ఉందో చూడండి. అమ్మకాలు జరిగినా సర్వీసు పేరు మార్పించుకోకుండా వదిలేసేవాళ్లు ఎక్కువ. అలా ఆ ఇంటికి మొదట కరెంటు పెట్టించినాయన పేరు ఇప్పటికీ బిల్లు మీద వస్తూ ఉంటుంది.

మూడో మెట్టు: సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు

అసలు పని ఇక్కడే. తీరిగ్గా చేయండి.

రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులోనో మీసేవలోనో ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీల ధృవపత్రం) తీస్తే 1983 నుంచి జరిగిన లావాదేవీలు వస్తాయి. ఇంటి నంబరుతో రాకపోతే యజమాని పేరుతో వెతికించండి. అంతకు ముందువి కంప్యూటరులో దొరకవు. ఆఫీసులో బౌండు పుస్తకాలుగా ఉంటాయి. ఆ పుస్తకాల అమరిక తెలిస్తే పని సగం తేలికవుతుంది.

1వ పుస్తకంలో స్థిరాస్తి దస్తావేజులన్నీ ఉంటాయి: క్రయం, తనఖా, దానం, పంపకం, హక్కు విడుదల. 3వ పుస్తకంలో వీలునామాలు, దత్తత అధికారపత్రాలు ఉంటాయి. 4వ పుస్తకంలో మిగతావి. 1వ పుస్తకానికి రెండు సూచికలు ఉంటాయి. ఒకటి మనుషుల పేర్లతో, రెండోది ఆస్తి ఉన్న ఊరితో. మీకు పాత యజమాని పేరు తెలిస్తే మొదటిది అడగండి. పేరు తెలియకపోతే ఊరి సూచిక తీయించి సంవత్సరం సంవత్సరం చూసుకుంటూ పోవాలి. ఇది ఓపికతో కూడిన పనే, అయినా చిన్న ఊరైతే ఏడాదికి రెండు మూడు పేజీలకు మించవు.

రిజిస్ట్రేషన్ చట్టం 57వ సెక్షన్ ప్రకారం 1వ పుస్తకాన్నీ దాని సూచికనూ రుసుం కట్టి ఎవరైనా చూడవచ్చు, నకలు తీసుకోవచ్చు. మీరు ఆ కుటుంబానికి బంధువు కానక్కర్లేదు. వీలునామా సంగతి వేరు. రాసినవారు బతికి ఉన్నంతకాలం వారికో వారి ఏజెంటుకో మాత్రమే నకలిస్తారు. వారు పోయిన తర్వాత దరఖాస్తు పెట్టిన ఎవరికైనా ఇస్తారు. నూరేళ్ల కిందటి వీలునామా దొరికే అవకాశం ఉందని చాలామందికి తెలియదు. ఇంటి చరిత్రకు అంతకన్నా మంచి కాగితం లేదు. ఏ గది ఎవరికి, నగలెవరికి, దేవుడి ధూపదీపాలు ఎవరు చూడాలి, ఏ కొడుకు మీద కోపముంది, అన్నీ అందులో ఉంటాయి.

మీ ఊరు ఇప్పుడు ఏ ఆఫీసు పరిధిలో ఉందన్నది చూసి ఆగకండి. కొత్త ఆఫీసులు పెట్టినప్పుడు పరిధులు మారాయి. 1950లో మీ ఊరి దస్తావేజులు వేరే ఊళ్లో రిజిస్టరై ఉండొచ్చు. ఏ ఏడాదికి ముందు ఏ ఆఫీసో అడిగి రాసుకోండి. పాత పుస్తకాలు జిల్లా రిజిస్ట్రార్ ఆఫీసుకు వెళ్లాయేమో కూడా అడగండి. పట్టణంలో ఏళ్లుగా పనిచేస్తున్న దస్తావేజు లేఖరికి ఈ సంగతులన్నీ కంఠతా ఉంటాయి. ఆయన్ని మర్యాదగా కలిసి, ఫీజిచ్చి సలహా తీసుకోవడం మంచిది.

వెతకడం ఎప్పుడూ ఇవాళ్టి నుంచి వెనక్కి. మీ దస్తావేజులో "ఈ ఆస్తి నాకు ఫలానా తేదీన ఫలానా వారి వల్ల సంక్రమించినది" అనే వాక్యం ఉంటుంది. అందులోని నంబరు, సంవత్సరం పట్టుకుంటే ముందటి లింకు దస్తావేజు దొరుకుతుంది. దానిలోంచి దానికి ముందుది. ఎక్కడో ఒకచోట "పిత్రార్జితంగా సంక్రమించిన" అని వచ్చి గొలుసు తెగుతుంది. తండ్రి నుంచి కొడుక్కి వచ్చినదానికి కాగితమే ఉండదు. అలాగే 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం ప్రకారం నూరు రూపాయలకు తక్కువ క్రయానికి అప్పట్లో రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, స్వాధీనపరిస్తే చాలు. ఆ రోజుల్లో ఊళ్లో ఇంటిస్థలం ధర నూరు దాటకపోవడం మామూలే.

హద్దులు పట్టుకోండి

గొలుసు తెగిన చోటే చెక్కుబందీ, అంటే ఆస్తి హద్దుల వివరం, పనికొస్తుంది. ప్రతి దస్తావేజు చివర నాలుగు హద్దులు రాస్తారు. తూర్పు ఫలానా వారి దొడ్డి, దక్షిణం రస్తా, పడమర ఫలానా వారి మండువా ఇల్లు, ఉత్తరం పంటబోదె. మీ ఇంటికి నాలుగు వైపులా ఉన్న ఇళ్ల దస్తావేజులు తీయించండి. మీ తూర్పింటివారి 1931 నాటి దస్తావేజులో పడమటి హద్దు కింద రాసిన పేరు 1931లో మీ ఇంటి యజమానిది. అదే ఇంటికి 1948లో మరో దస్తావేజుండి అందులో పడమటి హద్దుకు వేరే పేరుంటే, మధ్యలో మీ ఇల్లు చేతులు మారింది లేదా కొడుకు పేరుకు వచ్చింది. నాలుగు పక్కలా ఇలా పోగుచేస్తే మీ ఇంటికి ఒక్క కాగితం లేకపోయినా యజమానుల వరస తెలుస్తుంది.

ఒక జాగ్రత్త ఉంది. హద్దుల్లో పేర్లు పాత దస్తావేజు చూసి ఎత్తిరాయడం లేఖరులకు అలవాటు. మనిషి పోయి ఇరవై ఏళ్లయినా పేరు హద్దులో అలాగే ఉండిపోతుంది. అందుకని ఒక్క దస్తావేజు హద్దును నమ్మకండి, కనీసం రెండు వైపుల నుంచి సరిపోవాలి. "ఫలానా వారి వారసుల ఇల్లు" అని ఉంటే మాత్రం అది అప్పుడు విచారించి రాసిందని నమ్మొచ్చు.

పక్కింటివారిని దస్తావేజు చూపించమని అడిగితే ముందు అనుమానమే వస్తుంది. గోడ తగువు పెట్టడానికి వచ్చారనుకుంటారు. వచ్చిన పని మొదటి మాటలోనే చెప్పండి. "బాబాయ్ గారూ, కొలతల జోలికి రాను. మా తాతగారి పేరు మీ హద్దుల్లో ఉందేమో చూసుకుంటానంతే" అంటే చాలామంది తీసి చూపిస్తారు. హద్దుల పేరా వరకే ఫోటో తీసుకోండి. నిజంగానే హద్దు తగువు నడుస్తూ ఉంటే అది తేలేదాకా ఆ ఇంటికి వెళ్లకండి.

దస్తావేజుల్లో కథ వినండి

క్రయ దస్తావేజులో ఎందుకు అమ్ముతున్నారో రాస్తారు. ముఖ్యంగా 1956కు ముందు వితంతువు అమ్మిన దస్తావేజులు శ్రద్ధగా చదవండి. అప్పటికి భర్త ఆస్తి మీద ఆమెకు జీవితకాలపు హక్కే. సరైన అవసరం లేకుండా అమ్మితే ఆమె తదనంతరం భర్త తరఫు జ్ఞాతులు దావా వేసి ఆ అమ్మకాన్ని కొట్టేయించవచ్చు. అందుకని కొనేవాడే పట్టుబట్టి కారణం వివరంగా రాయించుకునేవాడు. భర్త చేసిన అప్పు ఎంత, ఎవరికి, కూతురి పెళ్లి ఎప్పుడు, ఏ తీర్థయాత్రకు ఎంత ఖర్చు, సర్కారు శిస్తు బాకీ ఎంత, అన్నీ వస్తాయి. 1956 హిందూ వారసత్వ చట్టంతో ఆమెది పూర్తి హక్కయింది. అప్పటినుంచి ఆ వివరాలు దస్తావేజుల్లో పలచబడ్డాయి.

కూతురికి పసుపు కుంకుమల కింద రాసిన దాన దస్తావేజుంటే ఇల్లు అక్కడ ఇంటిపేరు మారుతుంది. చాలామంది పరిశోధన తప్పుదోవ పట్టేది ఈ మలుపులోనే. ఇంటిపేరు మారింది కాబట్టి అమ్మేశారనుకుంటారు, కాని ఇల్లు కూతురి వైపు వెళ్లి ఉంటుంది. దత్తతలోనూ అంతే.

1930 దశకంలో తనఖాలు, కోర్టు వేలాలు వరసగా కనిపిస్తే అది ఒక్క కుటుంబం చేతకానితనం కాదు. ప్రపంచ మాంద్యంలో ధాన్యం ధర కుప్పకూలింది. అప్పు మాత్రం పాత ధరల లెక్కన అలాగే ఉంది. ఆ రైతుల కోసమే 1938లో మద్రాసు ప్రభుత్వం రుణ ఉపశమన చట్టం తెచ్చింది. ఇల్లు పోగొట్టుకున్న ముత్తాతను దుబారా మనిషని ఇంట్లో చెప్పుకుంటూ ఉంటే, తనఖా తేదీ చూసి ఆయన మీది మాటను సరిచేయండి.

పంపకాల్లో అన్నీ రిజిస్టరు కావు. పెద్దమనుషుల ఎదుట నోటిమాటగా పంచుకుని, తర్వాత పారీఖత్తు రాసుకునేవారు. అది రిజిస్ట్రార్ దగ్గర ఉండదు, ఏదో ఒక వాటాదారు ఇంట్లో ఉంటుంది. పంచుకున్నవారందరికీ ప్రతులుంటాయి కాబట్టి, మీ ప్రతి చెదలు తింటే పెద్దతాత గారి మనవళ్లను అడగండి.

నాలుగో మెట్టు: పాత రాత, పాత తేదీ, పాత కొలత

పాత దస్తావేజు గొలుసుకట్టు రాతలో ఉంటుంది. మాటకూ మాటకూ ఎడం ఉండదు, అంకెలు తెలుగువి. మొదట ఎత్తుగడ గుర్తుపట్టండి. తేదీ, రాయించుకున్నవారి పేరు, తండ్రి పేరు, ఊరు, వృత్తి, ఆ తర్వాత రాసి ఇచ్చినవారివి అలాగే. అన్ని దస్తావేజుల్లోనూ ఈ వరస ఇంచుమించు ఒకటే. "మ.రా.రా.శ్రీ." అంటే మహారాజ రాజశ్రీ, గౌరవవాచకం. దరోబస్తు అంటే యావత్తు. "నిధి నిక్షేప జల తరు పాషాణ" అని మొదలైతే అది హక్కుల పాఠం, దాన్ని దాటి కిందికి వెళ్లండి. హద్దులు, సాక్షులు అక్కడ ఉంటాయి. సాక్షుల్ని వదలకండి. సాధారణంగా వాళ్లు దగ్గరి బంధువులో ఇరుగుపొరుగువారో అయి ఉంటారు.

తేదీ తెలుగు సంవత్సరంలో ఉంటే అరవై ఏళ్ల చక్రం గుర్తుపెట్టుకోండి. పార్థివ అని ఉంటే అది 1885 కావొచ్చు, 1945 కావొచ్చు. ఏదో తేల్చడానికి స్టాంపు కాగితం చూడండి. విక్టోరియా రాణి బొమ్మ ఉంటే 1885. ఆరో జార్జి ఉంటే 1945. మధ్యలో 1901 నుంచి 1910 దాకా ఏడో ఎడ్వర్డు, 1936 జనవరి దాకా ఐదో జార్జి. స్టాంపు వెనక వెండరు రాసిన తేదీ, కొన్నవారి పేరు కూడా చూడండి. శాలివాహన శకం ఇస్తే 78 కలపండి. ఫసలీ (రెవెన్యూ లెక్కల సంవత్సరం) ఇస్తే 590 కలపండి. ఫసలీ జులైలో మొదలవుతుంది కాబట్టి 1320 ఫసలీ అంటే 1910 జులై నుంచి 1911 జూన్ వరకు.

డబ్బు రూపాయి, అణా, "పై" లెక్కల్లో ఉంటుంది. రూపాయికి 16 అణాలు, అణాకు 12 "పై"లు. దశాంశ నాణేలు 1957 ఏప్రిల్ 1న వచ్చాయి. నేల కొలత సెంట్లలో కాక కుంచాల్లో ఉంటే, మన గోదావరి జిల్లాల్లో కుంచం అంటే 10 సెంట్లు. వేరే ప్రాంతపు లెక్క దీనికి కలపకండి.

ఐదో మెట్టు: రెవెన్యూ రికార్డు

ఇల్లు పొలంలో మకాం అయితే ఇదే మొదటి మెట్టు. గ్రామకంఠంలో ఉన్నా ఈ పని చేయండి. ఎందుకంటే ఇల్లు కట్టిన డబ్బు పొలం నుంచే వచ్చింది, పొలం ఎవరిదో తెలిస్తే ఇల్లు ఎవరు కట్టగలిగారో తెలుస్తుంది. డెల్టాలో పెద్ద ఇళ్లు లేవడానికి మూలం నీళ్లు. ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయింది. అంతకు ముందు, 1833 కరువులో ఈ నేల జనం మలమలమాడారు. మీ ఊరికి ఏ కాలువ ఎప్పుడు వచ్చిందో తెలుసుకుంటే, ఇల్లు ఏ తరంలో లేచి ఉంటుందో ఒక అంచనా వస్తుంది.

తహశీల్దారు ఆఫీసులో ఆర్.ఎస్.ఆర్. (రీసెటిల్‌మెంట్ రిజిస్టరు) అడగండి, డైగ్లాట్ అన్నా అర్థమవుతుంది. సర్వే నంబరు వారీగా సెటిల్‌మెంటు నాటి పట్టాదారు పేరు ఉంటుంది. దానితోపాటు గ్రామపటం, ఎఫ్.ఎం.బి. (పొలం కొలతల పుస్తకం) తీసుకోండి. ఈమధ్య రీసర్వే జరిగిన ఊళ్లలో ఎల్.పి.ఎం. (ల్యాండ్ పార్సెల్ మ్యాప్) నంబర్లు వచ్చాయి, మీ పాత సర్వే నంబరుకు ఏ కొత్త నంబరు సరిపోతుందో ముందే రాయించుకోండి.

కోనసీమలో అగ్రహారాలు ఎక్కువ. మీ ఊరు అగ్రహారమో ఇనామో (శిస్తు తగ్గించో మాఫీ చేసో ఇచ్చిన భూమి) అయితే ఇనాం ఫెయిర్ రిజిస్టరు ఉంటుంది. 1858లో ఏర్పడిన ఇనాం కమిషన్ ఊరూరా విచారించి తయారు చేసింది. ఇనాం మొదట ఎవరికి ఎవరిచ్చారు, విచారణ నాటికి అనుభవిస్తున్నది ఎవరు, టైటిల్ డీడ్ నంబరు ఎంత, అన్నీ అందులో ఉంటాయి. జమీందారీ గ్రామమైతే 1948 ఎస్టేట్ల రద్దు చట్టం దాకా రైతు పేర్లు జమీ లెక్కల్లో ఉండేవి. ప్రభుత్వ రికార్డులో వాటికోసం వెతికి దొరకలేదని నిరాశపడొద్దు.

జిల్లా ఎప్పుడు ఏదో తెలియకపోతే రికార్డు గది దగ్గర తిప్పలే. గోదావరి జిల్లా 1859లో ఏర్పడింది. 1904లో భీమవరం, తణుకు, ఏలూరు, ఎర్నగూడెం తాలూకాలనూ, నగరం లంక తప్ప మిగిలిన నరసాపురం తాలూకానూ కృష్ణా జిల్లాలో కలిపారు. 1925లో పశ్చిమ గోదావరి ఏర్పడింది. కాబట్టి భీమవరం దగ్గరి ఊరికి 1910 నాటి కాగితం కావాలంటే కృష్ణా జిల్లా సంపుటాల్లో చూడాలి. ఇప్పటి రాజోలు వైపు ఊళ్లు ఆ రోజుల్లో నగరం తాలూకా. 1985లో తాలూకాలు పోయి మండలాలొచ్చాయి, 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మళ్లీ విడిపోయాయి. మద్రాసు ప్రెసిడెన్సీ నాటి రెవెన్యూ దస్త్రాలు చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. కింద ఊళ్లో దొరికేవన్నీ దొరికాకే అక్కడికి వెళ్లండి, ఏ సంవత్సరం, ఏ తాలూకా, ఏ గ్రామం అన్నది చేతిలో లేకుండా వెళితే అక్కడ దారి తోచదు.

కరణాల దగ్గరి లెక్కల సంగతి కూడా చెప్పాలి. 1984 జనవరిలో కరణం, మునసబు పదవులు రద్దయినప్పుడు లెక్కలు ప్రభుత్వానికి అప్పగించాలన్నారు. అయినా సొంత నకళ్లు, చిత్తు పుస్తకాలు కొన్ని కరణంగారి కుటుంబాల్లో మిగిలాయి. ఊళ్లో వారి వారసులుంటే ఒకసారి కలవండి.

రెండు చోట్లకు ఎవరూ వెళ్లరు, మీరు వెళ్లండి. ఒకటి, భూపరిమితి డిక్లరేషన్లు. 1973 చట్టం 1975 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చాక భూమి ఎక్కువగా ఉన్న కుటుంబాలు తమ మొత్తం భూమి, కుటుంబసభ్యుల వివరాలతో డిక్లరేషన్ ఇచ్చాయి. పెద్ద మండువా ఉన్న కుటుంబానికి ఈ ఫైలు ఉండే అవకాశం ఎక్కువ, ఆర్డీవో ఆఫీసులో సమాచార హక్కు చట్టం కింద అడగొచ్చు. రెండోది కోర్టు. పంపకం దావా పడిన కుటుంబమైతే తీర్పులో వంశవృక్షమే ఉంటుంది. అప్పీలు మద్రాసు హైకోర్టు దాకా వెళ్లి ఉంటే అచ్చయిన తీర్పుల సంపుటాల్లో ఇంటిపేరు, ఊరిపేరు కలిపి వెతకండి.

ఆరో మెట్టు: పెద్దవాళ్ల దగ్గర కూర్చోండి

వరసలో ఆరోదిగా చెప్పానుగాని, వయసు పైబడినవారు ఉంటే ఇవాళే వెళ్లండి. కాగితం రేపు కూడా ఉంటుంది.

ఇంటి సంగతులు మగవాళ్ల కంటే కోడళ్లుగా వచ్చిన ఆడవాళ్లకే బాగా గుర్తుంటాయి. కొత్త ఇంట్లో అడుగుపెట్టిన రోజు వాళ్లు దాన్ని పరాయికళ్లతో చూశారు. "ఏ సంవత్సరం?" అని అడిగితే జవాబు రాదు. "అమ్మమ్మా, మీరు కాపరానికొచ్చేటప్పటికి ఈ గోడ ఉందా? నూతి దగ్గర ఎవరుండేవారు?" అని అడగండి. 86 వరదకు ముందా, 96 తుపాను తర్వాతా, పెద్దబ్బాయి పుట్టకముందా అని కాలాన్ని గుర్తులకు కట్టండి. ఇంకా పెద్దవాళ్లయితే 53 వరద, బర్మా నుంచి జనం తిరిగొచ్చిన ఏడు. అనుమతి అడిగి ఫోనులో రికార్డు చేయండి. మధ్యలో సరిదిద్దకండి.

యజమానుల దగ్గరే ఆగకండి. ఆ ఇంట్లో పాలేర్లుగా ఉన్నవారి పిల్లలు, పొలం కౌలుకు చేసినవారు, తరాలుగా ఆ గడపకు పనిచేసిన చాకలి, మంగలి కుటుంబాలు, స్తంభాలు చెక్కిన వడ్రంగి వారసులు, వీళ్ల పేర్లు ఏ దస్తావేజులోనూ ఉండవు. ఇల్లు నిలబడింది వాళ్ల చేతుల మీద. పురుడు ఏ గదిలో పోసేవారు, గాదె నిండిన ఏడు ఏది, ఆకలేసిన ఏడు ఏది అని వాళ్లు చెబుతారు. వాళ్ల ఇంటికే వెళ్లి అడగండి. మీ అరుగు దగ్గరికి పిలిపించి అడిగితే పాత భయాలతో సగమే చెబుతారు.

గుడి చూడండి. ధ్వజస్తంభం పీట మీద, మెట్ల మీద, సత్రం గోడ మీద దాతల పేర్లు, సంవత్సరాలు ఉంటాయి. పురోహితుడి గారి దగ్గర తద్దినాల లెక్క ఉంటే మూడు తరాల పేర్లు తేలతాయి. కాశీ, గయల్లో పండాల (తీర్థపురోహితుల) పుస్తకాల్లో మన ఊళ్లవారి సంతకాలుంటాయి, అటు వెళ్లేవారుంటే ఊరిపేరు, ఇంటిపేరు రాసిచ్చి చూడమనండి.

ఏడో మెట్టు: ఒకచోట పేర్చడం

ఒక పెద్ద పుస్తకం తీసుకుని ఎడమ పేజీలో సంవత్సరం, యజమాని, ఎలా వచ్చింది రాయండి. కుడి పేజీలో అది ఎక్కడినుంచి తెలిసిందో రాయండి: దస్తావేజు నంబరు, ఆఫీసు, పుస్తకం, లేదా చెప్పినవారి పేరు, చెప్పిన తేదీ. కాగితం చెప్పింది ఒక రంగు సిరాతో, మనిషి చెప్పింది మరో రంగుతో రాస్తే తర్వాత తికమక పడరు. రెండూ తేడా వస్తే దేన్నీ కొట్టేయకండి. తాతగారు 1940లో కొన్నామని చెప్పి, దస్తావేజు 1947ది ఉంటే, ఏడేళ్లు తనఖా భోగ్యంలో (ఇచ్చిన అప్పుకు ఇంటిని అనుభవిస్తూ) ఉండి తర్వాత కొన్నారేమో చూడండి. రెండూ నిజం కావొచ్చు.

పాత కాగితాలకు లామినేషన్ వద్దు, సెల్లోటేపు అసలే వద్దు. మడత విప్పి, పగటి వెలుతురులో ఫోటో తీసి, అసలును తడి తగలని పెట్టెలో చదునుగా పెట్టండి. వరదొచ్చే ఊరైతే పెట్టె అటక మీదే ఉండాలి.

కొన్ని సంగతులు బయటపడతాయి: రెండో కాపురం, ఇష్టంలేని దత్తత, అన్నదమ్ముల మోసం. మీ పుస్తకంలో ఉన్నదున్నట్టు రాయండి. ఊరందరికీ పంచే ప్రతిలో మాత్రం, బతికి ఉన్నవారికి సంబంధించినవైతే వారిని అడిగాకే పెట్టండి. ఇల్లు అమ్మి వెళ్లిపోయిన పాత యజమానుల వారసులు ఎక్కడున్నారో తెలిస్తే వారికో ప్రతి పంపండి. వాళ్ల పెట్టెలో మీ ఇంటి ఫోటో ఉండే అవకాశం చాలా ఎక్కువ, మీరు అడగనిదే అది బయటికి రాదు.